నేను చంపిన చెరువులు

మనిషి పోతే డాక్టరు వచ్చి నాడి పట్టుకు చూస్తాడు, గుండె మీద గొట్టం పెట్టి వింటాడు, ఆ తర్వాతే కాగితం రాస్తాడు. నేను ఆ మాత్రం కూడా చెయ్యకుండా చెరువులకు మరణ పత్రాలు రాశాను. ఒకటీ రెండూ కాదు, కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న చెరువుల్లో నాకు నచ్చనివాటన్నిటికీ రాశాను. రాసేటప్పుడు వాటిలో ఒక్కదాని కట్ట కూడా ఎక్కలేదు.

మాది కోవిల్‌పట్టికి దగ్గర్లోని పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మా పెద్దలు నాయక రాజుల కాలంలో ఇటు దిగివచ్చి, ఈ నల్లరేగడి దున్నుకుని ఉండిపోయారు. మావంటి ఇళ్ళ కథలనే మా పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో నవలలుగా రాసి, 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది మాత్రం హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక, సిటీ బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ. అందుకని ఇందులో మాట ఎక్కడైనా వంకరగా పడితే సర్దుకోండి. అసలు వంకరలు వేరే ఉన్నాయి.

నా ఉద్యోగం ఉపగ్రహ చిత్రాలతో. ఏ పొలంలో ఏ పైరుందో, ఎంత ఎండిందో రంగుల్లో చూపించే పని. ఈ చిత్రాల కోసం ఒకప్పుడు లక్షలు పోయాల్సి వచ్చేది. అమెరికావాళ్ళు తమ ల్యాండ్‌శాట్ నిల్వను 2008లో అందరికీ ఉచితం చేశారు. మన ఇస్రో భువన్ 2009లో వచ్చింది. యూరపువాళ్ళ సెంటినల్-2 ఉపగ్రహాలు 2015లో ఒకటి, 2017లో ఒకటి ఎగిరాయి. రెండూ కలిసి అయిదు రోజులకోసారి మన ఊరి మీదుగా వెళ్ళేవి, బొమ్మలో ఒక్కో గడి నేల మీద పది మీటర్లు. ఇంత సంపద నట్టింట్లోకి ఊరికే వచ్చి పడుతుంటే, ఊరి చెరువు సంగతి ఊరివాళ్ళను అడగడం దేనికి అనుకున్నాను. నా మొదటి తెలివితక్కువతనం ఇదే. తక్కినవన్నీ దీని కడుపున పుట్టినవే.

2019 వేసవి. చెన్నైకి నీళ్ళిచ్చే జలాశయాలు అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తోలారు. టీవీ పెడితే అదే, ఆఫీసులో అదే. నా రక్తం ఉడికిపోయింది. మన ప్రాంతానికి మనమేదో చెయ్యాలి అని లాప్‌టాప్ తెరిచాను. ఉడికిన రక్తంతో లాప్‌టాప్ తెరవకూడదని అప్పటికి తెలియదు.

నేను వాడిన పద్ధతి చాలా సులువు. నీరు పచ్చటి కాంతిని కొంత వెనక్కి పంపుతుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది సున్నాకు పైన ఉంటే నీరు, కింద ఉంటే నేల. 1996 నుంచీ ఉన్న సూత్రం ఇది, దాని తప్పేమీ లేదు. మబ్బులుంటే బొమ్మ పాడవుతుంది కాబట్టి, మబ్బు అయిదు శాతానికి మించని చిత్రాలే ఇమ్మని కంప్యూటరుకు చెప్పాను. బుద్ధిమంతురాలైన దాసిలా అది అలాగే ఏరి ఇచ్చింది. ఫిబ్రవరి, మార్చి, మే, జూన్, ఆగస్టు. తళతళలాడే బొమ్మలు. చెరువుల్లో చుక్క లేదు.

మాకు వాన ఎప్పుడొస్తుందో మూడో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నైరుతి మాకు ఎక్కువగా గాలి, దుమ్మే ఇస్తుంది. మా వాన చాలావరకు ఈశాన్యానిది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఆకాశం మూసుకుని ఉంటుంది. అంటే, చెరువులు నిండే రోజుల చిత్రాలన్నిటినీ మబ్బుందన్న నెపంతో నేనే పక్కకు తోశాను. మబ్బుల్లేని బొమ్మలే కావాలని అడిగిందీ నేనే, వాటిలో నీళ్ళు లేవని గుండెలు బాదుకున్నదీ నేనే.

పోనీ, ఇంకొక ఆధారంతో సరిచూసుకోలేదా అంటే, చూసుకున్నాను. అక్కడ ఇంకా పెద్ద గోతిలో పడ్డాను. యూరోపియన్ కమిషన్ పరిశోధనశాలవాళ్ళు 1984 నుంచి 2015 దాకా తీసిన ముప్ఫై లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాలను జల్లెడ పట్టి, భూమ్మీద ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచాయో, ఎన్నాళ్ళు నిలిచాయో పటం గీశారు. 2016 డిసెంబరులో నేచర్ పత్రికలో అచ్చయింది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో ఏడాది పొడుగునా ఉండే నీటికి ఒక రంగు, కొన్ని నెలలే ఉండే నీటికి ఇంకొక రంగు. మా చెరువులన్నీ రెండో రంగులోనే ఉన్నాయి. కొన్ని నెలలే ఉంటున్నాయంటే చావుబతుకుల్లో ఉన్నట్టే అని తీర్మానించేశాను.

కార్తీకంలో నిండాలి, సంక్రాంతి దాటాక పైరుకు పారి తగ్గాలి, మాఘం వెళ్ళేసరికి చేపలు పట్టాలి, వేసవిలో అడుగు ఎండాలి, ఎండిన అడుగులో గొర్రెలు మేయాలి, ఒండ్రు తవ్వి బండ్లలో పొలాలకు తోలాలి, పూడిక తీసిన చోట మళ్ళీ నిండాలి. మా చెరువులు కట్టినవాళ్ళు కట్టిందే ఇందుకు. చైత్రంలో ఖాళీగా ఉన్న చెరువు తన పని పూర్తి చేసుకున్న చెరువు. మా ఇంటి ఆయకట్టు తిండి తిని పెరిగినవాణ్ణి. ఇది నాకు తెలియక కాదు. తెలుసన్న సంగతే తెర ముందు కూర్చున్నప్పుడు గుర్తుకు రాలేదు. ఎక్కువ చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బు ఇది, మందు లేదు.

ఇక పచ్చదనం సంగతి. విరుదునగర్ వైపు కొన్ని చెరువుల అడుగున ఏటికేడాది పచ్చదనం పెరుగుతున్నట్టు కనిపించింది. నా జాబితాలో వాటి పక్కన ‘ప్రకృతి తిరిగి కోలుకుంటోంది’ అని రాసి పచ్చరంగు పూశాను. అది సర్కారు తుమ్మ. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వంటచెరకు కోసం గింజలు చల్లించారని మా వైపు చెప్పుకుంటారు, ఆయనది విరుదునగరే కాబట్టి ఆ మాటకు ఇంకాస్త రుచి. ఎవరు చల్లినా, అది చెరువు కడుపులో అల్లుకుందంటే కాలవ మూసుకుపోతుంది, పూడిక మేట వేస్తుంది, మనిషి కట్ట దిగలేడు. దానిని కొట్టించాలని మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. అలాగని దాన్ని తిట్టిపోసి ఊరుకోనూ లేం, దాన్ని కాల్చి బొగ్గు చేసి అమ్ముకుని బతికే కుటుంబాలు ఈ జిల్లాల్లో వేలల్లో ఉన్నాయి. నాకు ఈ గొడవంతా తెలియదా? తెలుసు. అయినా పచ్చగా కనిపిస్తే చాలు, పొంగిపోయాను. నీళ్ళున్న చెరువును చచ్చిందన్నాను, తుమ్మ మేసేసిన చెరువును కోలుకుంటోందన్నాను.

జాబితా తయారైంది. చచ్చినవి ఎరుపు, కొనఊపిరితో ఉన్నవి నారింజ, కోలుకుంటున్నవి పచ్చ. చూడ్డానికి చాలా బాగుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, రంగులు కుదిరే దాకా రాత్రి రెండింటి వరకూ కూర్చున్నాను. వాట్సాప్‌లో పెట్టాను. సాయంత్రానికి మా జిల్లా గ్రూపులన్నిటిలో తిరిగింది. ‘మన ఊరి బిడ్డ హైదరాబాదులో కూర్చుని చేశాడు’ అని ఎవరో రాశారు. హైదరాబాదులో కూర్చుని చెయ్యడమే అందులోని లోపమని ఎవరికీ తోచలేదు, నాకు అసలే తోచలేదు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఊరికి బయల్దేరాను.

చిన్నాయన అరుగు మీద కూర్చుని నా ఫోను చూశాడు. ఆయన ఒకప్పుడు మా చెరువు తూము తలుపు ఎత్తడం, దించడం చూసుకున్న మనిషి. బొమ్మను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి అడిగాడు.

“ఇది ఏ నెల బొమ్మరా?”

“మే, చిన్నాయనా.”

“మేలో చెరువులో నీళ్ళుంటే అది చెరువు కాదురా, సముద్రం.”

అంతే అన్నాడు. తర్వాత నన్ను కట్ట మీదికి తీసుకుపోయి తూము రాతి మీద ఉన్న గీతలు చూపించాడు. ఏ ఏడాది నీరు ఎంతవరకు లేచిందో, ఏ ఏడాది అలుగు పారిందో వేలితో తడుముతూ చెప్పుకుపోయాడు. తేదీలు ఆయనకు పెళ్ళిళ్ళను బట్టి, చావులను బట్టి గుర్తు. పక్కూరి చెరువు అలుగు పారితేనే మాకు నీళ్ళొస్తాయి, మాది పారితేనే కింది ఊరికి పోతాయి. మా చెరువు ఎండితే మా చెరువులో జబ్బు వెతకడం కాదు, పైనున్న కాలువ వెంట నడవాలి అన్నాడు. గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో పుస్తకంలో చదివినవాణ్ణి. నా జాబితాలో మాత్రం ఒక్కో చెరువును ఒక్కో గడిలో విడివిడిగా పెట్టి మార్కులు వేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అప్పటికే అర్జీ పంపేశాను.

ఈ భాగం రాయడం ఇష్టం లేదు, అయినా ఇదే అసలు భాగం. తమిళనాడులో చెరువుల రక్షణకు, ఆక్రమణల తొలగింపుకు 2007లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం చెరువు హద్దు కొలవాలి, ఆక్రమించినవాళ్ళకు నోటీసు ఇవ్వాలి, ఖాళీ చేయించాలి. మంచి చట్టం. దానికి ఆధారం సమకూర్చి పెడదామని, ఒక చెరువు సర్వే పటాన్ని సంపాదించి ఉపగ్రహ చిత్రం మీద పరిచాను. ఆ పటాలు ఎప్పుడో గొలుసులు లాగి కొలిచి కాగితం మీద గీసినవి. అక్షాంశం, రేఖాంశం వాటికి తెలియవు. మూడు చోట్ల రాళ్ళను గుర్తుపట్టి, ఆ మూడింటినీ చిత్రం మీద మేకులతో కొట్టినట్టు కొట్టి, తక్కిన పటాన్ని వాటికి తగ్గట్టు సాగదీశాను. ఆ మూడింటిలో ఒకటి హద్దురాయి కాదు, ఎవరో గొర్రెల దొడ్డికి పాతుకున్న రాయి. పటం పక్కకు జరిగింది. ఎంత అంటే ఒక పొలం వెడల్పంత. చెరువు హద్దు లోపల ఒక పత్తి చేను తేలింది. నేను దాన్ని ఎర్రగీతతో చుట్టి, ‘ఆక్రమణ’ అని రాసి, సర్వే నంబరుతో సహా పంపాను.

ఆ చేను ఒక ముసలామెది. మొగుడు లేడు, కొడుకు శివకాశిలో అచ్చాఫీసు పనికి పోతాడు. ఆమెకు కాగితం వచ్చింది. కాగితం పట్టుకుని ఆమె బస్సెక్కి తాలూకా కచేరీకి తిరిగింది. పట్టా తీసుకురా అన్నారు, తెచ్చింది. పాత పట్టా కావాలన్నారు, అదీ వెతికి తెచ్చింది. పత్తి తీత రోజులు, కూలి మనుషులు దొరకని రోజులు. చివరకు సర్వేయరు గొలుసుతో వచ్చి కొలిచాడు. హద్దురాయి ఉండాల్సిన చోటే ఉంది, చేను ఆమెదే. ఆయన తన పని సక్రమంగా చేశాడు. తప్పంతా అర్జీదారుది.

క్షమాపణ చెబుదామని పోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కంప్యూటరులో చిన్న తేడా వచ్చింది అవ్వా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, “మా మామ పాతిన రాయిని నీ కంప్యూటరు యాడికి మోసుకపోయింది అబ్బయా?” అంది. జవాబు నా దగ్గర లేదు. మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చాను. బస్సు ఖర్చులు ఇస్తానంటే తీసుకోలేదు. అవి ఇవ్వజూపడం కూడా తప్పేనని దారిలో అనిపించింది.

ఆమె ఊరికి నిజంగా ఆక్రమణ బెడద లేదా అంటే, ఉంది. పైనుంచి నీరొచ్చే కాలువ మీద ఒకాయన గోడ పెట్టుకున్నాడు. అది నా బొమ్మలో కనిపించనే లేదు. కాలువ వెడల్పు పది మీటర్ల గడిలో సగం కూడా ఉండదు, పైగా దాని మీద తుమ్మ గొడుగు. పొలం దున్నుకునే ముసలమ్మ గడుల నిండా పరుచుకుని కనిపించింది, నీళ్ళకు అడ్డుపడ్డ పెద్దమనిషి రెండు గడుల మధ్య సందులో దాక్కున్నాడు.

ఇంతకన్నా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. నా జాబితాను చెరువు ప్రేమికులు చదివినంత శ్రద్ధగా ప్లాట్లు వేసేవాళ్ళూ చదివారు. ఒక ఊళ్ళో చెత్త ఎక్కడ పొయ్యాలన్న చర్చ వస్తే, ఎలాగూ చచ్చిన చెరువే కదా, ఇదిగో శాస్త్రీయంగా తేల్చారు అని ఒకరు నా ఎర్ర చుక్కనే చూపించారట. నాకు కాళ్ళు వణికాయి. చెరువును మింగాలనుకున్నవాడికి మొదట కావలసింది అది చచ్చిందన్న మాటే. చెన్నైలో టి.నగర్ లేచింది ఒకనాటి పొడుగాటి చెరువు మీద, వళ్ళువర్ కోట్టం లేచింది నుంగంబాక్కం చెరువు మీద.  వాటిని పూడ్చినవాళ్ళకు ఆ రోజుల్లో ఎవరేం చెప్పారో గానీ, మా వైపు ఆ సేవ నేను ఉచితంగా చేసి పెట్టాను.

2023 డిసెంబరు 17, 18 తేదీల్లో మా మీద ఆకాశం కూలింది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్ల వాన. కోవిల్‌పట్టి చుట్టూ చెరువులు నిండి పొర్లాయి, కొన్నింటికి గండ్లు పడ్డాయి. నేను హైదరాబాదులో ఉన్నాను, ఊరికి ఫోన్లు కలవడం లేదు. మబ్బుల్ని దాటి చూసే రాడారు ఉపగ్రహం సెంటినల్-1 ఒకటి ఉంది. దాని జోడు 2021 డిసెంబరులో పాడైపోయింది కాబట్టి అప్పటికి ఒక్కటే తిరుగుతోంది, పన్నెండు రోజులకోసారి వచ్చేది. దాని బొమ్మ చేతికందాక నా పాత జాబితాను పక్కన పెట్టుకుని చూశాను. నిలిచిన నీరు రాడారుకు నల్లగా కనిపిస్తుంది. నేను ఎర్రరంగు పూసిన చెరువులు ఒకదాని కింద ఒకటి, గొలుసు గొలుసంతా, నల్లగా నిండి ఉన్నాయి. చిన్నాయన అప్పటికి లేడు. తూము రాతి మీద ఆ నీటి గీతను ఎవరు గీశారో, అసలు గీశారో లేదో కనుక్కోలేదు.

ఇదంతా విని, ఉపగ్రహాలూ వద్దు, అంకెలూ వద్దు, పెద్దల మాటే వేదం అనుకునేరు. అదింకొక తెలివితక్కువతనం. చిన్నాయన జ్ఞాపకం కచేరీలో చెల్లదు, తేదీ ఉన్న బొమ్మ చెల్లుతుంది. జనవరి బొమ్మను జనవరి బొమ్మతోనే, వానలు బాగా పడ్డ ఏడాదిని అలాంటి ఏడాదితోనే పోల్చి చూస్తే, నీటి అంచు ఎటువైపు నుంచి కుంగుతోందో స్పష్టంగా తెలుస్తుంది. ఎటునుంచో తెలిస్తే ఆ వైపు కాలువ వెంట నడవొచ్చు. గోడ పెట్టిన పెద్దమనిషి దొరికింది అలాగే. ముందు నడిచి, తర్వాత బొమ్మ వెతికి, ఊరివాళ్ళు ఫొటోలు తీసి, వాళ్ళే అర్జీ పెట్టారు. నా పేరు పెట్టొద్దని బతిమాలుకున్నాను. నా పేరు చూస్తే పక్కన పెట్టేస్తారేమోనని భయం.

మా దిగువన తామిరబరణి వైపు ఇంకా మంచి పద్ధతి ఒకటి నడుస్తోంది. ఏట్రీ సంస్థకు చెందిన అగస్త్యమలై కేంద్రంవాళ్ళు 2011 నుంచి జనవరిలో, చెరువులు నిండుగా ఉండే రోజుల్లో, కాలేజీ పిల్లలనూ ఊరివాళ్ళనూ కట్టలెక్కించి నీటి పక్షులను లెక్కపెట్టిస్తున్నారు. ఏ చెరువులో ఎన్ని కొంగలు, ఎన్ని బాతులు, తుమ్మ ఎంత, చెత్త ఎంత అన్నీ కాగితం మీదికెక్కుతాయి. ఉపగ్రహం ఖర్చుతో పోలిస్తే ఇది టీ నీళ్ళ ఖర్చు. ఆ కాగితంలో ఒక చెరువు బతికే ఉందని రాస్తే, రాసినవాడి చెప్పులకు దాని బురద అంటి ఉంటుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్ళకూ ఇది దూరపు సంగతి కాదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం దేశంలోని నీటివనరుల మొదటి లెక్క బయటపెట్టింది. మొత్తం 24,24,540. అందులో ఆక్రమణకు గురైనవి 38,496 మాత్రమేనట. నూటికి రెండు కూడా కాదు. చెరువున్న ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా ఈ అంకె చూసి నవ్వుతారు. నేను లేని ఆక్రమణ చూపించాను, ఆ లెక్క ఉన్నదాన్ని చూడలేదేమో. 2024 జూలైలో హైదరాబాదులో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక పాత ఉపగ్రహ చిత్రాలు, పూర్తి నీటిమట్టపు గీతలు టీవీ చర్చల్లోకి వచ్చాయి. గీత ఏ పటం మీద ఏ రాళ్ళను పట్టుకుని గీశారని అడిగేవాళ్ళు మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. ఒక ముసలమ్మ మజ్జిగ తాగినవాణ్ణి, అందుకే నాకు ఆ ప్రశ్నే ముందు తోస్తుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నా 2019 జాబితా ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. వెనక్కి తీసుకుంటున్నానని పెట్టిన సందేశాన్ని ఎవరూ పంచుకోలేదు, దానికి రంగులు లేవు. ఎర్ర చుక్కలతో, పైన మీ ఊరి పేరుతో అది మీ చేతికొస్తే నమ్మకండి. పంపినవాళ్ళను ఆ బొమ్మలు ఏ నెలవో అడగండి.